వేసవిలో ఇంటి చేతిపనులు: ఎండ మీద పెట్టుకున్న అపోహలు - వాస్తవాలు

పిల్లలకు సెలవులు, ఇంట్లో ఖాళీ సీసాలు, పాత అట్టపెట్టెలు, మట్టి కుండీలు, బయట కావలసినంత ఎండ. రంగులూ జిగురూ బయటికి తీయడానికి ఇంతకన్నా మంచి అదను లేదనిపిస్తుంది. ఇంట్లో చేసుకున్న అలంకరణ వస్తువులు ఎక్కువగా పాడయ్యేదీ ఈ కాలంలోనే. కారణం చాలావరకు ఒక్కటే: ఎండ పైపొరను ఆరబెడుతుంది, లోపలి తడి లోపలే ఉండిపోతుంది. రంగుకైనా, మట్టికైనా, కాగితానికైనా ఆరడం వేరు, గట్టిపడడం వేరు. ఈ తేడా తెలిస్తే కింది అపోహల్లో సగం వాటంతట అవే పోతాయి.

అపోహ: ఎండలో పెడితే కాగితం బొమ్మ పూటలో సిద్ధమవుతుంది

వాస్తవం: బెలూన్ మీద కాగితం పట్టీలు అతికించి చేసే గిన్నెలు, లాంతర్లు, ముసుగులు ఎండలో పెట్టగానే పైన కరకరలాడతాయి. లోపలి పొరల్లోని నీరు మాత్రం బయటికి రాలేదు, పైన ఆరిన పొర అడ్డుపడుతుంది. అలాగే రంగు వేసేస్తే కొన్నాళ్లకు ముందు బూజు వాసన, తర్వాత నల్లచుక్కలు.

బెలూన్‌తో ఇంకో చిక్కు ఉంది. ఎండకు అందులోని గాలి వ్యాకోచించి తడి కాగితాన్ని సాగదీస్తుంది. సాయంత్రం చల్లబడేసరికి బెలూన్ ముడుచుకుంటుంది, ఆధారం పోయిన కాగితం అక్కడక్కడా సొట్టపడుతుంది. ఎండ మరీ ఎక్కువైతే బెలూన్ పగిలి, చేసిందంతా నలిగిపోతుంది.

2 వంతుల తెల్ల జిగురుకు 1 వంతు నీళ్లు కలపండి. కాగితాన్ని 2-3 సెం.మీ. వెడల్పు పట్టీలుగా చేత్తో చించండి, కత్తెర వాడొద్దు. చిరిగిన అంచు పక్క పట్టీలో కలిసిపోతుంది, కత్తిరించిన అంచు గీతలా పైకి తేలి రంగు వేశాక కూడా కనిపిస్తుంది. పట్టీని జిగురులో ముంచి, రెండు వేళ్ల మధ్య లాగి ఎక్కువైనదాన్ని గిన్నెలోకే దించేయండి. ఒక విడతలో 2 లేదా 3 పొరలు, అంతకు మించొద్దు. బెలూన్ ముడికి దారం కట్టి నీడపట్టున, ఫ్యాను గాలి తగిలేచోట వేలాడదీయండి. ఒక రోజు ఆగి తర్వాతి విడత వేయండి.

ఆరిందో లేదో చూడటానికి చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే తడి ఇంకా ఆవిరవుతోందన్నమాట. వంటింటి త్రాసు ఉంటే ఇంకా నయం. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తూచండి. బరువు తగ్గడం ఆగాకే రంగు జోలికి వెళ్లండి.

అపోహ: బీటలు వచ్చాయంటే మట్టిలో నీళ్లు చాలలేదు

వాస్తవం: కాల్చకుండా గాలికి ఆరే బంకమట్టి విషయంలో జరిగేది సాధారణంగా దీనికి వ్యతిరేకం. నీళ్లు ఎంత ఎక్కువైతే ఆరేటప్పుడు అంత కుంచించుకుపోతుంది. తడివేలితో పదేపదే నున్నగా రుద్దడం పిల్లలకు ఇష్టమే గానీ, బీటలు మొదలయ్యేది అక్కడే. వడగాలి తగిలితే బయటిపొర ముందే బిగుసుకుంటుంది, లోపలి ముద్ద ఇంకా మెత్తగా ఉంటుంది, ఆ లాగుడుకు చీలిక వస్తుంది.

మందం అంతటా ఒకేలా, 5-6 మి.మీ. ఉండేలా చూడండి. మొదటి రాత్రి పైన పల్చటి ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పి ఉంచండి. పళ్లెంలాంటి చదును వస్తువుల్ని కొన్ని గంటలకోసారి తిరగెయ్యకపోతే అంచులు పైకి లేస్తాయి. సన్నటి బీటలు వస్తే అదే మట్టిని నీళ్లతో పేస్టులా కలిపి నింపి, ఆరాక సాండ్‌పేపర్‌తో రుద్దండి. గాజు సీసా చుట్టూ ఈ మట్టి అద్దడం అందంగానే ఉంటుంది, కానీ మట్టి కుంచించుకుంటుంది, గాజు కదలదు. బీట దాదాపు ఖాయం అనుకునే మొదలుపెట్టండి.

అపోహ: మట్టి కుండీకి బయట మంచి రంగు, పైన వార్నిష్ వేస్తే చాలు

వాస్తవం: రంగువేసిన కుండీలు పెచ్చులూడటానికి రంగు నాణ్యత కారణం కావడం తక్కువ. నీళ్లు లోపలినుంచి వస్తాయి. మొక్కకు పోసిన నీరు కుండీ గోడలోకి ఇంకి, ఎండ తగిలే వైపు నుంచి ఆవిరిగా బయటపడబోతుంది. బయట రంగు, దానిపైన వార్నిష్ దారి మూసేస్తే ఆ తడి పొర వెనకే చేరి దాన్ని పొక్కులుగా లేపుతుంది. నీటితోపాటు వచ్చిన లవణాలు తెల్లటి పొడిలా పేరుకుని పట్టు ఇంకా వదిలిస్తాయి. వార్నిష్ ఎంత మందంగా వేస్తే పెచ్చులు అంత పెద్దవిగా ఊడటం అందుకే.

కాబట్టి పని లోపలివైపు మొదలవ్వాలి. కుండీని సబ్బు లేకుండా గట్టి బ్రష్షుతో కడిగి, కనీసం 2 రోజులు ఆరనివ్వండి. పాత కుండీ అయితే తెల్లటి లవణం మరక పూర్తిగా పోయేదాకా రుద్దాలి. లోపల అంతా, పై అంచు మీద, అడుగు రంధ్రం చుట్టూ నీరు ఇంకనివ్వని సీలర్ 2 పూతలు వేయండి. అది ఆరాక బయట ప్రైమర్ (రంగు బాగా పట్టడానికి ముందు వేసే పూత), దానిపైన ఆక్రిలిక్ రంగు పల్చగా 2 లేదా 3 పూతలు, చివర బయటి వాడకానికి చేసిన వార్నిష్. నీడలోనే వేయండి. వేడెక్కిన కుండీ మీద రంగు కుంచె గీతలు సర్దుకునేలోపే బిగుసుకుపోతుంది.

సీలర్ వేసిన కుండీ ఇక ముందులా గాలి పీల్చదు, మట్టి ఎక్కువసేపు తడిగా ఉంటుంది. నీళ్లు తగ్గించాలి. ఇదంతా ఎందుకనుకుంటే తేలిక మార్గం ఉంది: మొక్కను ప్లాస్టిక్ కుండీలో ఉంచి, దాన్ని రంగువేసిన మట్టి కుండీలో దించండి. మేం ఎక్కువగా సూచించేది ఇదే.

అపోహ: వేలికి అంటకపోతే రంగు ఆరినట్టే

వాస్తవం: ఆక్రిలిక్ రంగు వేసవిలో 10-15 నిమిషాల్లోనే వేలికి అంటకుండా అవుతుంది. అందులోని నీరంతా పోయి పొర గట్టిపడటానికి రోజులు, మందంగా వేస్తే వారాలు పడుతుంది. ఈలోగా వార్నిష్ వేస్తే తడి లోపలే చిక్కి తెల్లటి మబ్బులా కనిపిస్తుంది. పల్చటి పూతలకైనా 3 రోజులు ఆగండి.

ఈ రంగు వేడికి మెత్తబడుతుంది కూడా. రంగువేసిన సీసాలు, పలకలు ఒకదానికొకటి ఆనించి వేడి గదిలో పెడితే అతుక్కుపోతాయి, న్యూస్‌పేపర్లో చుడితే అక్షరాలు అచ్చుపడతాయి. మధ్యలో బేకింగ్ పేపర్ పెట్టండి, దానికి రంగు అంటదు.

అపోహ: మంచి జిగురైతే దేన్నైనా పట్టుకుంటుంది

వాస్తవం: తెల్ల జిగురు గట్టిపడాలంటే అందులోని నీరు ఎటో ఒకవైపు పోవాలి. కాగితం, చెక్క, బట్ట ఆ నీటిని పీల్చుకుంటాయి. గాజును గాజుకు అతికిస్తే నీరు పోయే దారే లేదు, వారం తర్వాత కూడా మధ్యలో పాలలా తెల్లగానే ఉంటుంది.

గ్లూ గన్‌తో అతికించినవి కిటికీ అద్దం మీద, ఆగి ఉన్న కారులో నిలవవు. ఆ జిగురు వేడికి కరిగి, చల్లబడి గట్టిపడేది. మళ్లీ వేడి తగిలితే మెత్తబడక ఏం చేస్తుంది? గాజు, లోహం, నున్నటి రాయి అయితే ముందు స్పిరిట్‌తో తుడిచి, రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ గానీ సిలికాన్ గానీ వాడండి, ఒక రోజంతా కదపకండి. సిలికాన్ మీద రంగు పట్టదు, కాబట్టి రంగు పని ముందే ముగించుకోండి.

సూపర్ గ్లూ నూలు బట్ట మీద పడితే చర్మం కాలేంత వేడి పుడుతుంది. దాన్ని పిల్లలకు ఇవ్వొద్దు.

అపోహ: 'నాన్ టాక్సిక్' అని ఉంటే కప్పులు, పళ్లాల మీద వేసుకోవచ్చు

వాస్తవం: ఆ మాటకు అర్థం, చెప్పిన పద్ధతిలో వాడితే హాని చేయదని. తినే పదార్థానికి తగలొచ్చని కాదు. కప్పు పై అంచునుంచి కనీసం 2 సెం.మీ. ఖాళీ వదలండి, లోపల అసలు వేయొద్దు. రంగువేసిన సీసాలో దీపం పెట్టాలనుకుంటే కొవ్వొత్తి వద్దు, బ్యాటరీ దీపం పెట్టండి.

అపోహ: ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సుద్దలాంటిదే, పిల్లల చేతి ముద్ర నేరుగా తీయొచ్చు

వాస్తవం: వద్దు. ప్లాస్టర్ నీటితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ముద్ద పెద్దదైతే 60 డిగ్రీల దాకా పోతుంది. చెయ్యి అందులో బిగుసుకున్నాక లాగినా రాదు. 2007లో ఇంగ్లండ్‌లోని ఒక పాఠశాల చిత్రకళ తరగతిలో చేతులు ప్లాస్టర్లో పెట్టిన 16 ఏళ్ల అమ్మాయి చేతివేళ్లు చాలావరకు కోల్పోయింది.

చేతి ముద్రను మెత్తటి బంకమట్టిలో నొక్కించి, చెయ్యి తీసేశాక ఆ గుంటలో ప్లాస్టర్ పోయండి. వేలి గీతలు కూడా చక్కగా పడతాయి. పొడిని నీళ్లలో చల్లాలి గానీ పొడి మీద నీళ్లు పోయకూడదు, ఉండలు కడుతుంది. కొలతగా చెప్పాలంటే 1 కప్పు నీళ్లకు సుమారు 2 కప్పుల పొడి. నీటిపైన చిన్న దిబ్బలా తేలేదాకా చల్లి, 2 నిమిషాలు నాననిచ్చి, నెమ్మదిగా కలపండి. కలిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి. మిగిలినదాన్ని సింకులో పోయకండి, నీటి అడుగునా గట్టిపడి గొట్టం మూసేస్తుంది.

అపోహ: బట్టకు వేసిన రంగు ఉప్పుతోనో వెనిగర్‌తోనో నిలుస్తుంది

వాస్తవం: ముడులు వేసి చేసే రంగుల టీషర్టులకు వాడే చల్లనీళ్ల రియాక్టివ్ రంగు నూలుతో రసాయనికంగా బంధం వేసుకుంటుంది. దానికి క్షారం కావాలి, అంటే సోడా యాష్ (సోడియం కార్బొనేట్ పొడి). ఉప్పు రంగును తొట్టిలోంచి బట్టవైపు నెడుతుంది తప్ప కట్టిపడేయదు. వెనిగర్ ఆమ్లం, అది ఉన్నిలాంటి వాటికి వాడే రంగుల కోసం. ఇక్కడ పోస్తే సోడాను చంపేస్తుంది.

లీటరు నీటికి 60 గ్రాముల సోడా యాష్ కలిపి, చేతి తొడుగులతో, బట్టను 15-20 నిమిషాలు నానబెట్టి పిండండి. తర్వాత ముడులు వేసి రంగు పోయండి. వేసవి నిజంగా సాయపడేది ఇక్కడే, వెచ్చదనానికి బంధం త్వరగా పడుతుంది. బట్ట తడిగా ఉంటేనే సుమా. తడి ఆరిన క్షణం పని ఆగిపోతుంది. ఎండలో ఆరేయకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి 24 గంటలు వెచ్చటి మూల ఉంచండి. ఆ తర్వాత చన్నీళ్లలో, చివర వేడినీళ్లలో సబ్బుతో ఉతకండి. పాలిస్టర్ బట్టకు ఈ రంగు పట్టదు.

అపోహ: సూర్యరశ్మితో అచ్చువేసిన నీలి బొమ్మ వెలిసిపోతే ఇక అంతే

వాస్తవం: ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన సైనోటైప్ వేసవికి ఎంతో అనువైన పని. ఎండ తగిలితే రంగు మారే రసాయన పూత ఉన్న కాగితం మీద ఆకు పెట్టి, పైన గాజు పలక నొక్కి, ఎండలో ఉంచి కడిగితే నీలిరంగులో ఆకు నీడ తెల్లగా మిగులుతుంది. మధ్యాహ్నపు ఎండలో కొన్ని నిమిషాలు చాలు. నీళ్లు పసుపు తేలకుండా అయ్యేదాకా కడగాలి. మొదట నీలం పేలవంగా ఉన్నా ఒక రోజులో చిక్కబడుతుంది.

ఎండ తగిలే గోడమీద వేలాడదీస్తే కొన్నాళ్లకు వెలుస్తుంది. దించి కొన్ని రోజులు చీకట్లో, గాలి తగిలేలా ఉంచితే చాలావరకు తిరిగొస్తుంది. స్కెచ్ పెన్నులకూ, మెరిసే ఫ్లోరసెంట్ రంగులకూ ఈ వెసులుబాటు లేదు, వాటితో వేసినవి కిటికీకి దూరంగా పెట్టాల్సిందే. సైనోటైప్‌కు అసలు శత్రువు క్షారం. బట్ట మీద వేసుకుంటే సోడా ఉన్న బట్టల పొడితో ఉతకొద్దు, నీలం గోధుమరంగులోకి తిరిగి పోతుంది. క్షారం లేని తేలిక షాంపూతో విడిగా ఉతుక్కోండి.