ఎక్స్‌జెడ్‌లో దొంగదారి: సాయం పేరుతో జరిగిన మోసం

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ పెట్టిన హెచ్చరికతో లినక్స్ ప్రపంచం ఉలిక్కిపడింది. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని ఆయన కూపీ లాగితే, ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి (బ్యాక్‌డోర్, అంటే బయటివాళ్లు గుట్టుగా సర్వర్‌లోకి చొరబడే మార్గం) బయటపడింది. అర సెకను తేడాను ఎంతమంది పట్టించుకుంటారు?

ఫైళ్లను కుదించే ఈ సాఫ్ట్‌వేర్ దాదాపు ప్రతి లినక్స్ సర్వర్‌లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి చూసుకుంటూ వచ్చింది మాత్రం లాసే కాలిన్ ఒక్కరే, అదీ జీతం లేకుండా.

ఇలాంటి పరిస్థితి గురించి 2014లోనే అందరికీ తెలిసొచ్చింది. ఆ ఏప్రిల్‌లో ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సాఫ్ట్‌వేర్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడింది. ఇంటర్నెట్‌లో సగానికి సగం తాళాలు వేసే ఆ ప్రాజెక్టుకు అప్పటిదాకా ఏడాదికి వస్తున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలం పనిచేసేది ఒకే ఒక్కడు. సిగ్గుపడ్డాయో భయపడ్డాయో గానీ, గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్ లాంటి కంపెనీలు లినక్స్ ఫౌండేషన్ ద్వారా నిధి ఏర్పాటు చేశాయి. ఆ డబ్బు అప్పటికే పేరు పడ్డ ప్రాజెక్టుల దాకానే ఎక్కువగా చేరింది. ఎక్స్‌జెడ్ లాంటివి ఎవరి కంటా పడలేదు.

2018లో మరో రకం ముప్పు ఎదురైంది. ఈవెంట్-స్ట్రీమ్ అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీని రాసినాయన దాన్ని చాలాకాలంగా వాడటం లేదు. నేను చూసుకుంటానని ఒక అపరిచితుడు ముందుకొస్తే ఇచ్చేశారు. అందులోకి బిట్‌కాయిన్ వాలెట్లను దోచే కోడ్ చేరింది. రాసినాయన్ని చాలామంది తిట్టారు. వాళ్లలో ఒక్కరైనా అంతకుముందు సాయానికి వచ్చి ఉంటే ఆ మాట అనే హక్కు ఉండేదని నా అభిప్రాయం.

ఎక్స్‌జెడ్‌లో ఇదే ఎత్తుగడను ఇంకా ఓపికగా వేశారు. 2021 చివరి నుంచి ‘జియా టాన్’ పేరుతో ఎవరో మంచి ప్యాచ్‌లు (కోడ్‌కు సవరణలు) పంపడం మొదలుపెట్టారు. 2022లో ఊరూపేరూ లేని కొన్ని ఖాతాలు కాలిన్ మీద పడ్డాయి: ప్యాచ్‌లు ఎప్పుడు చూస్తారు, చేతకాకపోతే ఇంకొకరికి ఇవ్వొచ్చుగా అని. తన మానసిక ఆరోగ్యం సరిగా లేదని, ఇది జీతం లేకుండా సరదాకి చేసే పని అని ఆయన చెప్పుకున్నారు. క్రమంగా కోడ్ మార్చే హక్కు, ఆ తర్వాత రిలీజ్ చేసే హక్కు జియా టాన్ చేతికొచ్చాయి. పక్కన నిలబడి పని పంచుకునే మనిషి కాలిన్‌కు నిజంగానే అవసరం. వచ్చింది మాత్రం దొంగ.

ఇప్పుడు జర్మనీ ప్రభుత్వ డబ్బుతో నడిచే సావరిన్ టెక్ ఫండ్ లాంటివి ఉన్నాయి. డబ్బు అక్కరకొచ్చేదే, కాదనలేం. కానీ అలసిపోయినవాడికి నమ్మకమైన తోడును ఏ నిధీ కొనివ్వలేదు. దొంగదారిని తొలగించి, 2024 మే నెలాఖరులో 5.6.2 వెర్షన్ విడుదల చేసింది కూడా లాసే కాలినే.