సూర్యుడి వైపు వాల్చిన పలక

మిట్టమధ్యాహ్నం నా నీడ నాకంటే పొడుగ్గా పడింది. సెప్టెంబర్ ఆఖరి వారం, జర్మనీలో మోజెల్ నది ఒడ్డున బెర్న్‌కాస్టెల్-క్యూస్ అనే చిన్న ఊరు, ఆ ఊరి బ్రిడ్జి మీద నేనూ మా చెల్లీ నిలబడి ఉన్నాం. టైమ్ ఒకటిన్నర కావొస్తోంది, అక్కడి గడియారం లెక్కన సూర్యుడు ఆ రోజుకి ఎంత పైకి రాగలడో అంత పైకి వచ్చేది అప్పుడే, అయినా ఎండ మాత్రం మన దగ్గర మధ్యాహ్నం మూడున్నరకి పడేలా ఏటవాలుగా మొహానికి కొడుతోంది. ఎదురుగా కొండ, కింద రోడ్డు దగ్గర్నుంచి పైన అడవి మొదలయ్యే దాకా మొత్తం ద్రాక్షే, ఎంత నిటారుగా ఉందంటే అందులో పనిచేసేవాళ్ళని కింద నుంచి చూస్తుంటే గోడకి అతుక్కున్నట్టు కనపడుతున్నారు. అసలు ఇంత తక్కువ ఎండలో ద్రాక్ష ఎలా పండుతోంది? ఆ రెండ్రోజులూ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు, దానికి దొరికిన జవాబులే ఇక్కడ రాస్తున్నా.

ఈ ఊరు ఇంచుమించు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కెనడాలో విన్నిపెగ్ కూడా దాదాపు అదే గీత మీద ఉంటుంది, అక్కడి చలి సంగతి అక్కడున్న మనవాళ్ళని అడిగితే చెప్తారు. యూరప్‌కి పడమటి నుంచి అట్లాంటిక్ సముద్రం మీద వెచ్చబడ్డ గాలులు వస్తాయి కాబట్టి ఇక్కడ అంత గడ్డకట్టే చలి ఉండదు, కానీ చలి తగ్గినంత మాత్రాన కాయ తీపెక్కదు కదా, ఎండ కావాలి. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలు చూసినవాళ్ళకి తెలుసు, మన దగ్గర ద్రాక్ష తీగకి చలికాలపు నిద్రే లేదు, ఏడాదిలో రెండుసార్లు కత్తిరిస్తారు, ఒకసారి కొమ్మ కోసం, ఇంకోసారి కాయ కోసం. మన రైతు బెంగంతా నీళ్ళ గురించే. ఇక్కడ నీళ్ళు పక్కనే పారుతున్నాయి, కరువల్లా ఎండకే.

ఆ కరువుని తీర్చింది కొండ వాలు. వడియాలు పెట్టిన మంచాన్ని ఒకవైపు ఎత్తి ఎండకి ఎదురుగా వాల్చితే త్వరగా ఎండుతాయని మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు, ఇక్కడ జరిగేదీ అదే. సూర్యుడికి సూటిగా ఎదురుగా పట్టుకున్న ఒక పలక మీద పడే ఎండని 100 అనుకుందాం. ఆ సెప్టెంబర్ మధ్యాహ్నం సూర్యుడు 40 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు కాబట్టి ఊళ్ళో చదును నేలకి దక్కేది 64 మాత్రమే, అదే ఎండ ఎక్కువ చోటు మీద పలచగా పరుచుకుపోతుంది. దక్షిణానికి తిరిగి 30 డిగ్రీలు వాలిన కొండకైతే 94 దక్కుతుంది. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, 50 డిగ్రీల అక్షాంశం దగ్గర దక్షిణానికి 30 డిగ్రీలు వాలిన నేల, 20 డిగ్రీల అక్షాంశం దగ్గర చదునుగా ఉన్న నేల, ఈ రెండింటి మీదా మధ్యాహ్నం ఎండ ఒకే కోణంలో పడుతుంది. 20 డిగ్రీలంటే ఎక్కడో కాదు, మన ఆదిలాబాద్ ఇంచుమించు అక్కడే ఉంది. అంటే ఈ జర్మన్ రైతులు ఏటవాలు కొండని పట్టుకుని, కోణం వరకూ చూస్తే, ఆదిలాబాద్ చేలో సాగు చేస్తున్నట్టే! ఘాటు మాత్రం అంత ఉండదు, ఎందుకంటే కిందుగా ఉన్న సూర్యుడి కిరణాలు ఎక్కువ మందం గాలిని దాటుకుని రావాలి, దారిలో కొంత పోతుంది. కానీ దానికి బదులుగా జూన్‌లో ఇక్కడ పగలు 16 గంటలు దాటుతుంది, ఆదిలాబాద్‌కి ఆ వరం లేదు. నది వెంబడి ఇంకా కిందికి పోతే బ్రెమ్ అనే ఊరి దగ్గర కాల్మాంట్ అనే కొండ ఉంది, అక్కడ వాలు 65 డిగ్రీల దాకా ఉంటుందని చెప్తారు, యూరప్‌లో అంత నిటారు ద్రాక్షతోట ఇంకోటి లేదంటారు.

అందుకే ఇక్కడ ఎవరికి ఎండ దక్కాలి అన్న విషయంలో ఊళ్ళకి ఊళ్ళే పక్కకి తప్పుకున్నాయి. కాస్త దూరంలో వేలెన్ అనే ఊరుంది, ఇళ్ళన్నీ నదికి ఈ పక్క, పేరున్న తోట మొత్తం ఆ పక్క, ఎందుకంటే దక్షిణానికి తిరిగిన మంచి కొండ ఆ ఒడ్డునే ఉంది, దాన్ని ద్రాక్షకి వదిలేసి మనుషులు ఇవతల సర్దుకున్నారు. ఆ తోట మధ్యలో రాయి మీద 1842లో కట్టిన పెద్ద నీడగడియారం ఒకటుంది, నది ఇవతల్నుంచి కూడా కనపడుతుంది. తోటలో పనిచేసేవాళ్ళు టైమ్ చూసుకోవడానికి పెట్టారట, తోట పేరు కూడా దాని పేరే. ఎండే పెట్టుబడి అయిన చోట గడియారం కూడా ఎండదే ఉండటం నాకు చాలా సబబుగా అనిపించింది.

తర్వాత మేం తోటలో బాట మీదుగా పైకెక్కాం, అక్కడ మట్టి కోసం చూశాను, మట్టి లేదు. ఒట్టి రాళ్ళు, పల్చగా, బిళ్ళలు బిళ్ళలుగా, నల్లగా నీలంగా, నడుస్తుంటే కాలి కింద పగిలిన పెంకుల్లా చప్పుడు చేస్తున్నాయి. ఒకటి తీసి చూస్తే అది మన పలక రాయి! చిన్నప్పుడు బడికి పట్టుకెళ్ళిన, మార్కాపురం నుంచి వచ్చిన ఆ పలక. ఇంకో ముక్క అంచుతో దాని మీద అ అని రాశాను, తెల్లగా పడింది, మా చెల్లి తీసుకుని పక్కన ఆ రాసింది. ఈ ఊళ్ళో ఇళ్ళ పైకప్పులు కూడా ఈ పలకలే, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినవి.

పలక రాయి పుట్టుక రెండు చోట్లా ఒకటే. సముద్రం అడుగున మెత్తటి బురద పేరుకుంటుంది, అది గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎప్పుడో భూమి పొరలు ఒకదాన్నొకటి నెట్టుకుని కొండలు లేచేటప్పుడు ఆ నొక్కుడుకి, వేడికి బురదలోని ఖనిజాలు మారిపోయి సన్నని అభ్రకం రేకుల్లాగా అన్నీ ఒకే వైపుకి సర్దుకుంటాయి, అందుకే ఉలి పెట్టి కొడితే పేజీల్లా విడిపోతుంది. మోజెల్ పలక వయసు సుమారు 40 కోట్ల ఏళ్ళు. మార్కాపురం పలక కడప బేసిన్‌ది, దాని వయసు 100 కోట్ల ఏళ్ళకి పైమాటే, అంటే మన పలక దీనికి తాత వరస.

ఈ రాయి తోటకి చాలా పనులు చేస్తుంది. నల్లటిది కాబట్టి పగలంతా ఎండ తాగుతుంది, రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతుంది, పక్కనే వేలాడే గుత్తులకి ఆ వెచ్చదనం తగులుతుంది. వాన పడితే నీళ్ళు నిలవ్వు, సందుల్లోంచి జారిపోతాయి, వేళ్ళు ఆ నీళ్ళ వెంబడే పగుళ్ళలోకి లోతుగా దిగుతాయి. పైన రాళ్ళు పరుచుకుని ఉండటం వల్ల కింద తడి ఆరిపోదు, మట్టి కొట్టుకుపోదు. అయినా ఎంతో కొంత జారుతూనే ఉంటుంది, జారిన రాళ్ళని మళ్ళీ పైకి మోసుకెళ్ళి వేసేవాళ్ళట వెనకటికి. ట్రాక్టర్ ఎక్కలేని వాలు, ఒక్కో తీగకి ఒక్కో కర్ర పాతి, రెండు కొమ్మల్ని హృదయం ఆకారంలో వంచి కడతారు, సామాన్లకి మాత్రం ఒకే పట్టా మీద నడిచే చిన్న రైలుబండి లాంటిది కొన్ని తోటల్లో పెట్టుకున్నారు. ఆ కష్టం చూశాక ఇక్కడి వైన్ సీసాల ధరల గురించి నేనేం మాట్లాడలేదు.

ఒక్క విషయం మాత్రం నేను ఒప్పుకోలేను. ఈ వైన్‌లో పలక రాయి రుచి తెలుస్తుందని ఊళ్ళో అందరూ చెప్తారు, సీసాల మీద కూడా రాస్తారు. రాయికి రుచి లేదండి. వేళ్ళు తీసుకునేది నీళ్ళలో కరిగిన లవణాలు, అవి కాయలోకి చేరేది నాలుకకి తెలియనంత కొంచెం. రాయి రుచిని మారుస్తుంది, నిజమే, కానీ వేడి ద్వారా, నీటి ద్వారా, వేళ్ళు దిగే లోతు ద్వారా. ఇక్కడ వేసేది ఎక్కువగా రీజ్లింగ్ అనే రకం, మెల్లగా పండుతుంది, అక్టోబర్ దాకా కూడా తీగ మీదే ఉంటుంది. ద్రాక్షకి పులుపునిచ్చే మాలిక్ ఆమ్లాన్ని కాయ తన శ్వాసలో ఖర్చు పెట్టేస్తుంది, ఎంత వేడిగా ఉంటే అంత త్వరగా. ఇక్కడి చల్లటి వాతావరణంలో ఆ ఖర్చు తక్కువ, అందుకే తీపి ఎక్కినా పులుపు మిగులుతుంది. కొత్త చింతకాయ పచ్చడిలో బెల్లం ముక్క కలిపినప్పుడు నాలుక ఒక్కసారి లేచి కూర్చుంటుందే, ఆ కుటుంబం రుచి.

నది సంగతి కూడా చెప్పాలి. నీళ్ళు అద్దంలా ఎండని కొండ మీదకి తిప్పి కొడతాయని గైడ్లు అంటారు. సూర్యుడు 40 డిగ్రీల ఎత్తులో ఉంటే నీళ్ళు తిప్పి కొట్టేది 3 శాతం చిల్లరే, మిగతాదంతా లోపలికి పోతుంది. కానీ పొద్దు వాలి 10 డిగ్రీలకి దిగినప్పుడు అది దాదాపు 35 శాతానికి వస్తుంది, సాయంత్రం గోదావరి గట్టు మీద నిలబడితే కళ్ళు తెరవలేకపోతామే, అదే. కాబట్టి అద్దం పనిచేసేది పొద్దున, సాయంత్రం, శరదృతువులో, సరిగ్గా ఎండ తక్కువైనప్పుడే. అంతకంటే పెద్ద సాయం నీళ్ళు వేడిని నిలవ ఉంచుకోవడం, తొలి మంచు పడే రాత్రుల్లో లోయ మరీ చల్లబడకుండా నది కాస్తుంది. పొద్దున్నే దాని మీద నుంచి లేచే పొగమంచులో ఒక బూజు పెరుగుతుంది, అది కాయ తొక్కకి కన్నాలు పెడితే మధ్యాహ్నం ఎండకి లోపలి నీళ్ళు ఆవిరై కాయ కిస్మిస్‌లా ముడుచుకుంటుంది, ఆ కుళ్ళిన కాయలతో చేసిందే అన్నిటికంటే ఖరీదైన తీపి వైన్. నదికి ఇంకో మొహం కూడా ఉంది, ఒడ్డున గోడల మీద వరద ఎత్తులు ఏడాదులతో సహా గీతలు గీసి పెట్టుకుంటారు. 1993 డిసెంబర్‌ది చాలా పెద్ద వరద.

రెండో రోజు బ్రిడ్జి దాటి క్యూస్ వైపు వెళ్ళాం. 1401లో ఇక్కడే నికొలాస్ పుట్టాడు, పడవల వ్యాపారి కొడుకు, చర్చిలో కార్డినల్ దాకా ఎదిగాడు, కోపర్నికస్ కంటే వందేళ్ళ ముందే భూమి విశ్వానికి కేంద్రం కాదని రాశాడు. తన ఆస్తితో ఊళ్ళో 33 మంది దిక్కులేని వృద్ధుల కోసం ఒక ఆశ్రమం కట్టించాడు, అది ఇప్పటికీ వృద్ధాశ్రమంగానే నడుస్తోంది, దానికి సొంత ద్రాక్షతోటలున్నాయి. ఆయన శరీరాన్ని రోమ్‌లో సమాధి చేశారు, గుండె మాత్రం ఇక్కడి చాపెల్ కింద.

ఆయన 1450లో ఒక ఆలోచన రాశాడు. ఒక పెద్ద కుండలో మట్టిని తూచి పోసి, అందులో మొక్కలు పెంచి, చివర్లో మట్టిని మళ్ళీ తూస్తే పెద్దగా తగ్గి ఉండదు, కాబట్టి మొక్క బరువు ఎక్కువగా నీళ్ళ నుంచే వచ్చుండాలి అని. సుమారు రెండొందల ఏళ్ళ తర్వాత వాన్ హెల్మాంట్ అనే ఆయన ఒక విల్లో మొక్కతో అయిదేళ్ళు ఈ ప్రయోగం నిజంగానే చేశాడు, చెట్టు 164 పౌన్లు పెరిగింది, మట్టి కొన్ని తులాలే తగ్గింది. ఇద్దరూ నీళ్ళే అనుకున్నారు. ఇప్పుడు మనకి తెలుసు, చక్కెరలో ఉన్న కార్బన్, ఆక్సిజన్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వస్తాయి, నీళ్ళ నుంచి వచ్చేది హైడ్రోజన్ మాత్రమే. 180 గ్రాముల గ్లూకోజ్‌లో 168 గ్రాములు గాలిదే! ఆ కొండ మీద గుత్తుల్లో ఉన్న తీపి బరువు దాదాపు అంతా ఎండ సాయంతో గాలిని పట్టి బిగించినది.

ఆ బరువుని ఇక్కడ రోజూ తూస్తారు కూడా. కోతలప్పుడు రసంలో ఒక గాజు గొట్టం తేలేస్తారు, ఎక్స్‌లె కొలత అంటారు, 19వ శతాబ్దం మొదట్లో దాన్ని ప్రచారంలోకి తెచ్చినాయన పేరు మీద. లీటరు రసం లీటరు నీటికంటే ఎన్ని గ్రాములు ఎక్కువుంటే అన్ని ఎక్స్‌లె, 80 అంటే లీటరు రసం 1080 గ్రాములు. మేం వెళ్ళిన ఒక చిన్న తోటలో పెద్దాయన ఆ గొట్టాన్ని మాకు చూపించి, తన చిన్నప్పుడు కొన్ని ఏళ్ళు ఆ గొట్టం పైకి తేలక ఇంట్లో పెద్దవాళ్ళు దిగులుపడేవాళ్ళని చెప్పాడు, మా చెల్లి తెలుగులోకి చెప్తూ ఉంది. ఇప్పుడు ఆ దిగులు లేదట. తీపి త్వరగా ఎక్కేస్తోంది, పులుపు త్వరగా దిగిపోతోంది, కోతలు ముందుకి జరిగాయి. కాయ తీగ మీదే గడ్డకట్టాక పిండే ఐస్ వైన్‌కి మైనస్ 7 డిగ్రీల చలి కావాలి, 2019 పంటకి ఆ చలి దేశంలో ఏ ద్రాక్ష ప్రాంతంలోనూ రాలేదు. ఒకప్పుడు ఎవరూ ముట్టుకోని, ఎండ సరిగ్గా పడని పక్కలోయల్లో చేల వైపు ఇప్పుడు పిల్లలు చూస్తున్నారని ఆయన అన్నాడు, తాతలు ఇది విని ఉంటే నమ్మేవాళ్ళు కాదని కూడా అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కొండ వైపే చూస్తున్నాడు.

ఆ రాత్రి తిన్నాక తోట అడుగున ఉన్న పలకల గోడ వెంబడి నడిచాం. ఎనిమిదిన్నర దాటింది, చీకటి పడి గంటవుతోంది, స్వెటర్ లేకపోతే ఆగలేని చలి. మా చెల్లి ఊరికే గోడ మీద చెయ్యి పెట్టి, అలాగే ఉంచేసి, "అన్నయ్యా, ఇంకా వెచ్చగానే ఉంది, చూడు" అంది.