యూనియన్ నాయకుడు ఎమ్మెల్యే అయితే: కొన్ని అపోహలు, వాస్తవాలు

మిర్యాలగూడ రైస్ మిల్లుల హమాలీల మధ్య యూనియన్ పని చేస్తాను. ఎన్నికలొస్తే చాలు, "అన్నా, నువ్వు కూడా నాయిని లెక్క ఎమ్మెల్యే అయితవు" అంటారు. దేవరకొండ వైపు నేరేడుగొమ్మలో పుట్టి, హైదరాబాద్‌లో వీఎస్టీ సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికులకు నాయకుడై, 2014లో తెలంగాణ తొలి హోంమంత్రి అయిన నాయిని నర్సింహారెడ్డి గారంటే నాకు చాలా గౌరవం. అందుకే ఈ మాటలు.

అపోహ: కార్మికుల ఓట్లన్నీ యూనియన్ నాయకుడికే పడతాయి.

వాస్తవం: 1978లో ముషీరాబాద్‌లో జనతా పార్టీ తరఫున నాయిని గారు ఓడించింది టి.అంజయ్య గారిని. ఆయనా ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా మొదలై కార్మిక నాయకుడైనవారే, 1980లో ముఖ్యమంత్రి కూడా అయ్యారు. ఇద్దరూ కార్మిక నాయకులే అయినప్పుడు ఓట్లన్నీ ఒక్కరికే ఎలా పడతాయి? నాయిని గారు అక్కడ మళ్లీ గెలిచింది 1985లో, ఆ తర్వాత 2004లో. మా హమాలీలూ అంతే. బస్తా రేటు దగ్గర అందరిదీ ఒకటే మాట, ఊరికి పోతే తలా ఒక జెండా. దాన్ని ద్రోహం అనడం నాకు నచ్చదు. చందా కట్టినంత మాత్రాన ఓటు రాసిచ్చినట్టు కాదు.

అపోహ: ఆ ఫ్యాక్టరీలో పనిచేయని బయటివాడు యూనియన్ నడపకూడదు.

వాస్తవం: 2025 దాకా అమల్లో ఉన్న 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టమే దానికి వీలు కల్పించింది, పరిమితులతో. లోపలివాడు గట్టిగా అడిగితే రేపు పని ఉండదు. బయటివాడికి ఆ భయం లేదు.

అపోహ: యూనియన్ డబ్బుతో ఎన్నికల్లో పోటీ చేయొచ్చు.

వాస్తవం: చట్టం ప్రకారం యూనియన్ సాధారణ నిధిని అందుకు ముట్టకూడదు. రాజకీయ నిధి వేరుగా ఉండాలి. అందులో వేయనన్న సభ్యుడిని బలవంతపెట్టకూడదు.

అపోహ: మంత్రి అయ్యాక కూడా యూనియన్ పదవిలో ఉండొచ్చు.

వాస్తవం: 1926 చట్టానికి 2001లో చేసిన సవరణ దాన్ని నిషేధించింది. అది న్యాయమే. నాయిని గారి చేతిలో హోంతో పాటు కార్మిక శాఖ కూడా ఉండేది. యాజమాన్యానికీ కార్మికులకూ తగువొస్తే చూడాల్సిన శాఖ అది.

అపోహ: యూనియన్ పని అంటే సమ్మె.

వాస్తవం: సమ్మె ఎప్పుడో ఒకసారి. రోజూ ఉండేది కాగితాల పని. ఐదేళ్లు పనిచేసినవాడికి ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన, పని మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ రావాలి. అడిగితే మిల్లు యజమానులు "వాడు మా మనిషి కాదు, మేస్త్రీ మనిషి" అంటారు. అప్పుడు రుజువు కావాలి. అందుకే కొత్త మిల్లులో అడుగుపెట్టగానే నేను కూలి రేటు కన్నా ముందు హాజరు పుస్తకం గురించి అడుగుతాను, అందులో హమాలీల పేర్లు రాయిస్తాను.