చిలకకి పట్టని తేమ, జీడిని వదలని తేమ

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాపేశ్వరం మడత కాజా, కాకినాడ గొట్టం కాజా గురించి ఇక చెప్పక్కర్లేదు. ఏ ఊరి పేరూ తగిలించుకోకుండా మిగిలిపోయినవి కోనసీమ తీర్థాల్లో, అంటే జాతరల్లో, అమ్మే పంచదార చిలకలు, బెల్లం జీళ్లు. రుచి సంగతి ఎలా ఉన్నా, సైన్సు విషయంలో మాత్రం నా ఓటు వీటికే.

రెండింటికీ మూలం పాకమే. పాకం మరిగేకొద్దీ నీరు ఆవిరై, మరిగే ఉష్ణోగ్రత పెరుగుతూ పోతుంది. 115 డిగ్రీల సెల్సియస్ దగ్గర అందులో దాదాపు 85 శాతం పంచదారే; చల్లటి నీళ్లలో చుక్క వేస్తే మెత్తగా ఉండ కడుతుంది. 150 దాకా వెళ్తే మిగిలే నీరు ఒక శాతమే. అప్పుడు చుక్క నీళ్లలో పడగానే గట్టిపడి, పటుక్కున విరుగుతుంది. అరిసెలకి పాకం పట్టే పెద్దవాళ్లు పళ్లెంలో నీళ్లు పోసుకుని కొలిచేది ఈ మిగిలిన నీటినే. థర్మామీటరుతో పనేముంది?

చిలకల పాకాన్ని గరిటెతో గిన్నె అంచుకి రుద్దుతారు. ఆ రాపిడికి సన్నటి స్ఫటికాలు పుట్టి, తేటగా ఉన్న పాకం పాలలా మారుతుంది. వెంటనే తడిపిన చెక్క అచ్చుల్లో పోసేయాలి, ఆలస్యమైతే గిన్నెలోనే గడ్డకడుతుంది. అణువులన్నీ వరసలో సర్దుకున్నాయి కాబట్టి చిలక గట్టిగా ఉంటుంది.

జీడిది పూర్తిగా వేరే దారి. బెల్లంలో పంచదారతో పాటు కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు ఉంటాయి. తీర్థం జనంలో అడ్డంగా నిలబడ్డవాళ్లలా ఇవి వరస కుదరనివ్వవు. స్ఫటికం కట్టేలోపే పాకం చల్లారి, అణువులు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. ఇలా అణువుల వరస లేకుండానే బిగుసుకున్న ఘనపదార్థాన్ని శాస్త్రం గాజు అంటుంది. వేడి ముద్దని మేకుకి తగిలించి, లాగి, మడిచి మళ్లీ లాగుతుంటే నల్లటి బెల్లం ముద్ద బంగారు రంగుకి తిరుగుతుంది. రంగేమీ కలపరు. మడతల్లో చిక్కిన గాలి బుడగలు వెలుతురుని చెదరగొట్టడం వల్ల వచ్చే మెరుపది. పంటికి కాస్త గుల్లగా తగిలేదీ ఆ గాలే.

అసలు ఇబ్బంది డెల్టా గాలితో. ఒకపక్క సముద్రం, మిగతా అంతా కాలవలు, వరిచేలు. పంచదార స్ఫటికం గాలిలో తేమ 85 శాతం దాటితే గానీ నీరు పీల్చుకుని కరగడం మొదలుపెట్టదు. గాజుకి అంత ఓపిక లేదు. పూర్తిగా పొడిగా ఉన్న పంచదార గాజు 60 నుంచి 70 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది. గ్లూకోజుది 31 డిగ్రీల దగ్గరే, ఫ్రక్టోజుది ఇంకా చాలా కింద. అందుకే బెల్లం జీడి మొదటినుంచీ మెత్తదనానికి దగ్గర్లోనే ఉంటుంది. దానికి కొద్దిపాటి తేమ తోడైతే వేళ్లకి అంటుకుంటుంది. పీచుమిఠాయి పరిస్థితి మరీ అన్యాయం: అదీ గాజే, పైగా సన్నటి పోగులు, తేమకి తగిలే ఉపరితలం ఎక్కువ. కవరు విప్పిన కాసేపటికే ముడుచుకుపోతుంది.

జీళ్లని గాలి చొరని సీసాలో వేసి మూత బిగించండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. మూత తీయగానే చల్లటి జీడి మీద గాలిలోని తేమంతా చెమటలా పేరుకుని మరింత జిగటవుతుంది.