పియాదీనా: మా కొట్లో రోజూ వినే అపోహలు

తిరుపతి బైరాగిపట్టెడలో మాది చిన్న పియాదీనా కొట్టు. ఇటలీలోని రొమాన్యా ప్రాంతపు రొట్టె ఇది. పెనం మీద కాల్చి, చీజ్, ఆకు, కూరముక్కలు పెట్టి సగానికి మడిచి ఇస్తారు.

అపోహ: పంది కొవ్వు లేకపోతే అది అసలు పియాదీనానే కాదు.

కొండ దిగి వచ్చిన ఒక పెద్దామె మొన్న పెనం దగ్గరే నిలబడి, "నాయనా, పిండిలో ఏం కొవ్వు కలుపుతావు?" అని అడిగింది. ఆలివ్ నూనె డబ్బా తీసి చూపించాను. ఆ మాట అడిగి తీరాల్సిందే. రొమాన్యాలో పంది కొవ్వు వాడకం పాతదే. కానీ మన లడ్డూకి 2009లో వచ్చినట్టే ఈ రొట్టెకు 2014లో యూరప్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నిబంధనల్లోనే పంది కొవ్వు గానీ ఆలివ్ నూనె గానీ వాడొచ్చని ఉంది. ఇంట్లో చేసుకున్నది తిరుపతి లడ్డూ అనిపించుకోనట్టే, ఇక్కడ కాల్చిన రొట్టెకు 'పియాదీనా రొమాన్యోలా' అనే పేరు పెట్టకూడదు. అందుకే మా బోర్డు మీద పియాదీనా అని మాత్రమే రాశాం.

శాకాహారులు ఇంకా గట్టిగా అడగాల్సింది చీజ్ గురించి. అసలైన పార్మిజానో రెజ్జానో చీజ్‌కి పాలు విరగ్గొట్టేది దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్‌తో. మేం దాన్ని కొనం. నీళ్లు వడకట్టిన పెరుగులో పనీర్ చిదిమి కలుపుతాం. అక్కడ వాడే రుకోలా ఆకు, మన ముల్లంగి రెండూ ఆవాల కుటుంబానివే కాబట్టి, లేత ముల్లంగి ఆకు ఆ ఘాటుకు దగ్గరగా ఉంటుంది.

అపోహ: ఇది చపాతీ రోలే, పేరు మార్చారంతే.

పిండి దగ్గరే తేడా మొదలవుతుంది. అరకిలో మైదాకి 60 గ్రాముల నూనె, ఉప్పు, కొంచెం సోడా కలిపి అరగంట మూతపెడతాం. చపాతీ పొంగితే సంతోషిస్తాం, దీన్ని మాత్రం పొంగనివ్వం. వేడి ఇనుప పెనం మీద వేయగానే ఫోర్కుతో గుచ్చి, చేత్తో తిప్పుతూ ఉంటే చిన్న బుడగలు లేచి, వాటి మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. మచ్చ పడ్డచోట కరకర, పక్కన మెత్తన. రిమినీ వైపు దీన్ని 3 మిల్లీమీటర్ల లోపే పల్చగా వత్తుతారు, మిగతా ఊళ్లలో 4 నుంచి 8 దాకా మందం ఉంటుంది. మాది రిమినీ పద్ధతి.

అపోహ: సోడా పెంచితే ఇంకా మెత్తగా వస్తుంది.

రాదు. సబ్బు రుచి వస్తుంది. మెత్తదనం నూనెతో, నానిన టైముతో వస్తుంది.

అపోహ: పార్సిల్ తీసుకెళ్లినా అదే రుచి.

వేడిది ఫాయిల్‌లో బిగిస్తే ఆవిరికి పది నిమిషాల్లో చెమ్మగిల్లుతుంది. బటర్ పేపర్‌లో, ఒక అంచు తెరిచి ఇస్తాం. ఇల్లు దూరమైతే రొట్టె వేరుగా, చీజ్ వేరుగా కట్టమని అడగండి. ఇంటికెళ్లాక పొడి పెనం మీద అరనిమిషం వేడి చేసి మడుచుకోండి.