కాగ్-ఏ పాజిటివ్: భయం వెనుక ఉన్న చరిత్ర

కడుపులో మంట ఎంతకీ తగ్గకపోతే పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల తెలుగువారు ఎండోస్కోపీ కోసం శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్లివస్తుంటారు. అలా వెళ్లినవారి చేతికి ఎండోస్కోపీ రిపోర్టుతో పాటు, పొట్టలో పుండ్లకు కారణమయ్యే హెచ్. పైలోరీ బాక్టీరియాలో కాగ్-ఏ అనే జన్యువు ఉందని చెప్పే ‘కాగ్-ఏ పాజిటివ్’ కాగితం కూడా వస్తే, అది క్యాన్సర్‌కు సూచన అనుకుని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతున్నారు. ఈ బాక్టీరియా జన్యువులను పరీక్షించడం రోగికి అవసరమా అన్న పాత వివాదం ఇప్పుడు మళ్లీ రేగడానికి కారణం ఈ భయమే.

బాక్టీరియాను కనుగొన్న కథ, దానికి 2005లో దక్కిన నోబెల్ బహుమతి అందరికీ తెలిసినవే. పరీక్షను సమర్థించేవారి వాదన 1990లలో పుట్టింది. కాగ్-ఏ జన్యువు 1993లో బయటపడింది. దానితో కలిసి ఉండే జన్యువుల గుంపు సూదిలాంటి ఒక నిర్మాణాన్ని తయారుచేస్తుందనీ, దాని గుండా కాగ్-ఏ ప్రొటీన్ పొట్ట లోపలి పొర కణాల్లోకి దిగుతుందనీ తర్వాత తేలింది. వాక్-ఏ అనే మరో జన్యువు దాదాపు ప్రతి హెచ్. పైలోరీలోనూ ఉన్నా, అందులో ఎస్1 రూపం ఎక్కువ విషపూరితం. ఈ రెండూ కలిసిన రకం సోకినవారిలో గ్యాస్ట్రైటిస్ (పొట్ట లోపలి పొర వాపు) తీవ్రంగా ఉంటుందని పాశ్చాత్య దేశాల్లో గట్టిగానే రుజువైంది.

అయితే మన వైపు లెక్క మారిపోయింది 2000లో. కలకత్తా రోగుల నుంచి సేకరించిన 78 బాక్టీరియా నమూనాలను ఆశిష్ ముఖోపాధ్యాయ్ బృందం పరిశీలించింది. వాటిలో 55 పుండు ఉన్నవారివి, 23 అంత తీవ్రత లేనివారివి. 80 నుంచి 90 శాతం నమూనాల్లో కాగ్ జన్యువుల గుంపు, వాక్-ఏ ఎస్1 రూపం కనిపించాయి. అదీ పుండు ఉన్నా లేకున్నా ఒకే తీరుగా. ఎక్కువమందిలో ఎలాగూ ఉండే జన్యువు ఎవరికి జబ్బు ముదురుతుందో ఎలా చెప్పగలదు? పైగా అక్కడి కాగ్-ఏ నిర్మాణం పాశ్చాత్య రకానికి దగ్గరగా ఉంది. కణంలోని సంకేత వ్యవస్థను మరింత బలంగా పట్టుకునే తూర్పు ఆసియా రకం వేరు. కాగితం మీద ‘పాజిటివ్’ అన్న ఒక్క మాటలో ఈ తేడా ఏదీ కనిపించదు. నా దృష్టిలో ఈ వివాదమంతటికీ కీలకం ఈ అధ్యయనమే. ఇదే బాక్టీరియాలో 2005లో వెలుగుచూసిన డూప్-ఏ అనే మరో జన్యువు మీదా ఆశలు పెట్టుకున్నారు కానీ, దేశానికో ఫలితం వచ్చింది.

గ్యాస్ట్రైటిస్ తీవ్రతను చెప్పేది బయాప్సీ. సిడ్నీ పద్ధతిలో పొట్టలోని 5 చోట్ల నుంచి ముక్కలు తీసి, వాపు ఎంత, పొర ఎంత క్షీణించింది, పేగు పొరలా మారుతోందా అన్నవాటికి విడివిడిగా స్థాయి వేస్తారు. చికిత్సకూ జన్యువుతో నిమిత్తం లేదు: గట్టి అభ్యంతరాలుంటే తప్ప, బాక్టీరియా సోకిన ప్రతివారికీ చికిత్స చేయాలని గ్యాస్ట్రైటిస్ నిపుణుల 2015 నాటి క్యోటో ఒప్పంద పత్రం సూచించింది.

రోగికి నిజంగా పనికొచ్చే జన్యు పరీక్ష మరొకటి ఉంది. చికిత్సలో వాడే క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ పనిచేయకుండా చేసే మార్పు బాక్టీరియాలో ఉందేమో అది ముందుగానే పట్టిస్తుంది. మందుల కోర్సు ముగిసిన కనీసం 4 వారాలకు, ఆమ్లాన్ని తగ్గించే మాత్రలను 2 వారాలు ఆపి, శ్వాస పరీక్ష చేయించుకుంటే బాక్టీరియా పోయిందో లేదో తెలుస్తుంది. కాగ్-ఏ కాగితం పట్టుకుని తిరుగుతున్నవారు డాక్టరును అడగవలసినవి ఈ రెండు పరీక్షల గురించే.