పార్కు మూలన తీతువు, కాగితం మీద టర్ఫ్

నెల్లూరులో మా కాలనీ పార్కుకు దక్షిణం మూల ఒకటుంది. అక్కడ వాకింగ్ ట్రాక్ లేదు, బెంచీలు లేవు. గులకరాళ్లు, గరిక, రెండు తుమ్మచెట్లు, వాన పడితే నీళ్లు నిలిచే చిన్న గుంట, అంతే. పోయిన ఎండాకాలం అటు నడవబోతుంటే వాచ్‌మన్ కేకేశాడు: "అటు పోబాకండి సార్, తీతువు గుడ్లు పెట్టుంది." ఎంత వెతికినా నాకు కనపడలేదు. ఆయనొచ్చి వేలు పెట్టి చూపించాక తెలిసింది, నా చెప్పుకు మూరెడు దూరంలోనే నాలుగు గుడ్లున్నాయి. మట్టిరంగు మీద నల్లమచ్చలు, అచ్చం గులకరాళ్లే. గూడంటూ ఏమీ లేదు. అక్కడ క్రికెట్ ఆడే పిల్లలు చుట్టూ నాలుగు ఇటుకలు పెట్టారు. బంతి అటు పోతే రెండు పరుగులు ఇచ్చేసి, ఆట అయ్యాక తెచ్చుకోవాలని రూలు కూడా పెట్టుకున్నారు.

ఇప్పుడు ఆ మూలనే చదును చేసి, ప్లాస్టిక్ పచ్చిక (టర్ఫ్) పరిచి, వల కట్టి, లైట్లు పెట్టి బాక్స్ క్రికెట్‌కు ఇద్దామని ఒక ప్రతిపాదన తిరుగుతోంది. కాగితంలో ఆ చోటికి రాసిన మాట 'ఖాళీ స్థలం'. గొడవంతా ఆ మాటలోనే ఉంది.

నిజానికి ఇలాంటి 'ఖాళీ'లో ఏముంటుందో చూసిన మనుషులు ఈ ఊళ్లో ఎప్పుడో ఉన్నారు. 1840ల మొదట్లో థామస్ జెర్డాన్ అనే డాక్టరు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఇక్కడి జీవాల గురించి యానాదులను అడిగి తెలుసుకున్నాడు. కలివికోడిని శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఆయనే. ముళ్లపొదలు, వాటి నడుమ బోడినేల ఉన్నచోటే బతికే పిట్ట అది. 20వ శతాబ్దం మొదలయ్యాక జాడ లేకుండా పోయింది, ఇక లేదనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. ముళ్లపొదలు, బోడినేల అంటే మన రికార్డుల భాషలో బీడు, పోరంబోకు.

చెరువు పిట్టల విషయంలో మనకు మంచిపేరే ఉంది. నేలపట్టు పక్షుల కేంద్రం 1976 నుంచి ఉంది, 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాకు పోయింది గానీ. గూడబాతుల (పెలికాన్ల) రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పైరుకు బలమని అక్కడి రైతులు వాటిని కాపాడుకుంటూ వచ్చారు. తీతువుకు ఆ అదృష్టం లేదు. పైగా అది కూస్తే అశుభమంటారు.

ఇక ప్లాస్టిక్ పచ్చిక సంగతి. దీనికి పేరొచ్చిన కథ వెనక కూడా ఉన్నది మన గరికే అంటే నవ్వొస్తుంది. 1965లో అమెరికాలోని హ్యూస్టన్‌లో పైకప్పు ఉన్న పెద్ద స్టేడియం తెరిచారు. అందులో మొదట వేసింది బెర్ముడా గడ్డి, అంటే వినాయకుడి పూజకు మనం కోసుకొచ్చే గరిక జాతిదే. కప్పుకు వేసిన పారదర్శక పలకల నుంచి వచ్చే వెలుతురుకు ఆటగాళ్లకు బంతి కనపడక ఆ పలకలకు రంగు పూశారు. ఎండ తగలక గడ్డి చచ్చిపోయింది. ఆ సీజన్ చివర్లో చచ్చిన గడ్డికి పచ్చరంగు కొట్టి ఆడించారు. 1966లో మోన్‌శాంటో కంపెనీ తయారుచేసిన నైలాన్ పచ్చిక తెచ్చి పరిచారు. దానికే ఆస్ట్రోటర్ఫ్ అని పేరొచ్చింది. ఎండే తగలని చోట పేరు తెచ్చుకున్న సరుకది. దాన్ని తెచ్చి రోహిణికార్తెలో రోళ్లు పగిలే నెల్లూరులో పరుస్తామంటున్నారు.

మనవాళ్లకు దాని దెబ్బ 1976లో తెలిసింది. అంతకు ముందు ఏడాదే గడ్డి మీద హాకీ ప్రపంచకప్ గెలిచిన భారత్, కృత్రిమ మైదానం మీద ఆడిన మొదటి ఒలింపిక్స్‌లో, మాంట్రియల్‌లో, ఏడో స్థానానికి పడిపోయింది. అప్పటి నుంచి టర్ఫ్ అంటే ఆటల అభివృద్ధి అనే మాట మన మనసుల్లో నాటుకుంది. హాకీకి అది కొంతవరకు నిజమే. కాలనీ పిల్లల టెన్నిస్ బాల్ క్రికెట్‌కు ఆ లెక్క ఎందుకో నాకు అర్థం కాదు.

కరోనా తగ్గాక మన ఊళ్లలో బాక్స్ క్రికెట్ జోరందుకుంది. వేసేవాళ్లకు గంటల లెక్కన అద్దె వస్తుంది, ఆడేవాళ్లకు రాత్రి పదింటికి కూడా ఆట దొరుకుతుంది. పిల్లలకు చోటు లేదన్నది అబద్ధం కాదు. ఆదివారం పొద్దున ఏ కాలేజీ గ్రౌండుకు వెళ్లినా ఒక మ్యాచ్ ఫీల్డరు ఇంకో మ్యాచ్ పిచ్ మీద నిలబడి ఉంటాడు. కానీ టర్ఫ్ వచ్చాక ఆ ఇటుకలు పెట్టిన పిల్లలకు గంటకు అద్దె ఎవరు కడతారు?

పచ్చిక కింద ఏముంటుందో కూడా చూడాలి. ముందు మట్టి తవ్వి, కంకరో కాంక్రీటో వేసి గట్టి చేస్తారు. దాని మీద ప్లాస్టిక్ పోగులు, పోగుల మధ్య ఇసుక, కొన్నిచోట్ల పాత టైర్ల రబ్బరు గుళికలు. వానపాము ఉండదు, చీమల పుట్ట ఉండదు, కాబట్టి గోరువంక దిగదు. ఎండలో ఆ ఉపరితలం 60 డిగ్రీలు దాటడం మామూలే. తీతువు ఎండాకాలం మధ్యాహ్నాల్లో గుంటలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది, అవి ఉడికిపోకుండా. ప్లాస్టిక్ మీద గుంటా ఉండదు, గుడ్డు దాక్కునే గులకరాయీ ఉండదు. రబ్బరు గుళికలు వానకు కాలవల్లోకి కొట్టుకుపోతాయి. ఈ బెడదతోనే యూరోపియన్ యూనియన్ 2023లో నిబంధన తెచ్చింది, 2031 అక్టోబరు తర్వాత అక్కడ ఆ గుళికలు అమ్మకూడదు.

చట్టం అడ్డుపడదా అంటే, ఇక్కడే చిక్కు. లేఅవుట్ వేసేటప్పుడు పది శాతం జాగా ఓపెన్ స్పేస్‌గా వదలాలి. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్‌హోంకు ఇస్తే 1991లో సుప్రీంకోర్టు కుదరదంది. ఆ తీర్పు పార్కును బిల్డింగు నుంచి కాపాడుతుంది. టర్ఫ్ బిల్డింగు కాదు కదా, అదీ ఆటస్థలమే అంటారు. కాగితం మీద ఖాళీ ఖాళీగానే ఉంటుంది. పట్టణాల కోసం కేంద్రం 2015లో మొదలుపెట్టిన అమృత్ పథకంలో పార్కులకూ డబ్బు కేటాయించారు, కానీ పార్కు అనగానే మన ఊళ్లలో గుర్తొచ్చేది ట్రాకు, జిమ్, లైట్లు. 1972 వన్యప్రాణి చట్టంలో 'వేట' అనే మాటకు ఇచ్చిన అర్థంలో అడవి పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్లు చెదరగొట్టడం కూడా ఉన్నాయి. అది అభయారణ్యానికే పరిమితం కాదు. టర్ఫ్ ప్లాను గీసేటప్పుడు ఆ చట్టం తీసి చూసేదెవరు?

మా కాలనీలో కొందరం అడుగుతున్నది చిన్నది. పార్కు ఉత్తరం వైపు ఇప్పటికే చదునుగా ఉన్న చోట మట్టి పిచ్ వేయండి, దక్షిణం మూల వదిలేయండి అని.

పోయిన వారం ఇద్దరు టేపు పట్టుకుని కొలవడానికొచ్చారు. ఈసారి కూడా గుడ్లున్నాయి. టేపు గుంట దాకా సాగేసరికి తీతువులు రెండూ లేచి, ఒకటి నెత్తి మీద తిరుగుతూ అరుపులు, ఇంకోటి రెక్క విరిగినట్టు నటిస్తూ నేల మీద ఈడ్చుకుంటూ వాళ్లను పక్కకు లాగబోయింది. కొలిచే కుర్రాడు టేపు కింద పెట్టి దాని వెంట పది అడుగులు నడిచాడు. "దెబ్బ తగిలినట్టుంది సార్," అన్నాడు వాచ్‌మన్‌తో.